భాగం – 9: కీటకాలు, సాలెపురుగులు నేర్చుకుంటాయా? ఒక ప్రశ్న చరిత్ర

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 పాత నమ్మకాలు, పాత పరిశీలనలు
9.3 సహజాత వాదం: ఫాబ్ర్, ఆయన కందిరీగ
9.4 ప్రయోగాల ఆరంభం: పెక్‌హామ్ దంపతులు, టర్నర్
9.5 తేనెటీగ జ్ఞాపకం: ఫ్రిష్, టిన్‌బెర్గెన్
9.6 భారతదేశంలో ఈ ప్రశ్న: హాల్డేన్, ద్రోణంరాజు
9.7 మెదడులోకి చూపు
9.8 పథకం వేసే సాలెపురుగు
9.9 ఈ ప్రశ్న మనకు ఎందుకు?
9.10 సారాంశం
9.11 కీలక పదాలు
9.12 మీ ప్రగతిని పరీక్షించుకోండి – సమాధానాలు
9.13 మాదిరి పరీక్ష ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• నేర్చుకోవడం, జ్ఞాపకం, పథకం అనే మూడు భావనల మధ్య తేడాను చెప్పగలుగుతారు.
• కీటకాల ప్రవర్తన గురించిన ఆలోచనలు 19వ శతాబ్దం నుంచి నేటి వరకు ఎలా మారాయో వివరించగలుగుతారు.
• టర్నర్, ఫ్రిష్, ద్రోణంరాజు వంటి పరిశోధకుల కృషిని అంచనా వేయగలుగుతారు.
• ఒక పరిశీలనకు, దాని నుంచి తీసిన నిర్ధారణకు మధ్య ఉన్న దూరాన్ని గుర్తించగలుగుతారు.

9.1 పరిచయం

అనకాపల్లి జిల్లా రావికమతం వంటి కొండ అంచు మండలాల్లో ఉండి చదువుకునే విద్యార్థులకు ఈ భాగంలో వచ్చే జీవులు కొత్తవి కావు. జీడిమామిడి పూతకు వచ్చే తేనెటీగలు, ఇంటి చూరు కింద మట్టిగూడు కట్టే కందిరీగలు, గోడ మీద గెంతే చిన్న సాలెపురుగులు, బెల్లం దిమ్మల చుట్టూ ముసిరే ఈగలు మీరు రోజూ చూసేవే. ఇవి చేసే పనులన్నీ పుట్టుకతో వచ్చినవేనా? నిన్నటి అనుభవం వల్ల ఈ రోజు అవి వేరుగా ప్రవర్తిస్తాయా? ఇదే ఈ భాగంలోని ప్రశ్న.

ఈ ప్రశ్నను చాలాకాలం పాటు "పురుగులకు తెలివి ఉందా?" అనే రూపంలో అడిగారు. ఆ రూపంలో దానికి సమాధానం దొరకదు. ఉందనేవారు ఒక కథ చెబుతారు, లేదనేవారు ఇంకో కథ చెబుతారు. "జ్ఞాపకం ఉన్నట్లయితే ఈ పురుగు ఇప్పుడు ఎటు వెళ్లాలి? లేనట్లయితే ఎటు వెళ్లాలి?" అని అడగడం మొదలైన తరువాతనే విషయం ముందుకు సాగింది. ఈ మార్పు ఎలా వచ్చిందో చెప్పడమే ఈ భాగం ఉద్దేశం.

పాఠంలోకి వెళ్లే ముందు కొన్ని నిర్వచనాలు గుర్తుంచుకోండి. అనుభవం వల్ల ప్రవర్తన మారడం నేర్చుకోవడం. ఆ మార్పు కొంతకాలం నిలవడం జ్ఞాపకం. కంటి ముందు లేని లక్ష్యం కోసం ముందుగానే దారిని ఎంచుకోవడం పథకం. నేర్పకుండానే పుట్టుకతో వచ్చే ప్రవర్తన సహజాతం. ఇంకొక మాట. సాలెపురుగు పేరులో 'పురుగు' ఉన్నా శాస్త్ర పరిభాషలో అది కీటకం కాదు. కీటకానికి ఆరు కాళ్లు, సాలెపురుగుకు ఎనిమిది. రెండూ కీళ్లున్న కాళ్ల జీవులే అయినా వేర్వేరు తరగతులకు చెందినవి.

9.2 పాత నమ్మకాలు, పాత పరిశీలనలు

మన సంప్రదాయం చిన్న జీవులకు మనసు లేదని అనలేదు. శ్రీకాళహస్తి పేరులోని 'శ్రీ' సాలెపురుగు, 'కాళం' పాము, 'హస్తి' ఏనుగు అని స్థల పురాణం చెబుతుంది. తన దారాలతో శివుడికి గుడి కట్టిన ఆ సాలెపురుగు కథను 16వ శతాబ్దంలో ధూర్జటి తన 'శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యం'లో కావ్యంగా మలిచాడు. ఇది భక్తి కథ. సాలెపురుగు ప్రవర్తనకు దీన్ని సాక్ష్యంగా తీసుకోలేం. అయితే పురుగుకు కూడా ఉద్దేశం, పట్టుదల ఉండవచ్చని ఊహించడం ఆ సమాజానికి కష్టం కాలేదని దీనివల్ల తెలుస్తుంది.

ఇంతకన్నా ఆసక్తికరమైనది భ్రమరకీటక న్యాయం. కందిరీగ ఒక పురుగును తెచ్చి మట్టిగూటిలో పెట్టి మూస్తుంది. కొన్నాళ్లకు ఆ గూటిలోంచి కందిరీగ బయటికి వస్తుంది. లోపలి పురుగు భయంతో నిరంతరం కందిరీగనే తలచుకుని చివరికి తానే కందిరీగగా మారిపోయిందని మన పెద్దలు చెప్పుకున్నారు. దేన్ని ధ్యానిస్తే అదే అవుతామనే తత్త్వానికి దీన్ని ఉపమానంగా వాడారు.

ఇక్కడ పరిశీలన తప్పు కాదు. పురుగు లోపలికి వెళ్లింది, కందిరీగ బయటికి వచ్చింది, రెండూ నిజమే. తప్పు మధ్యలో కల్పించిన కారణంలో ఉంది. నిజానికి కందిరీగ ఆ పురుగును కుట్టి కదలకుండా చేసి, దాని దగ్గర గుడ్డు పెడుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆ పురుగును తిని పెరిగి కందిరీగగా బయటపడుతుంది. గూడును మధ్యలో తెరిచి చూస్తే విషయం తెలిసిపోయేది. ఈ ఉదాహరణను గుర్తుంచుకోండి. ఈ భాగంలో ప్రతి మలుపు దగ్గరా ఇలాంటి పరిస్థితే కనిపిస్తుంది.

గ్రీకు దేశంలో అరిస్టాటిల్ కూడా ఒక మంచి పరిశీలన చేశాడు. తేనెటీగ ఒక ప్రయాణంలో ఒకే రకం పూల మీద వాలుతుందని, రకాలను కలపదని రాశాడు. దీన్నే ఇప్పుడు 'పుష్ప నిబద్ధత' అంటున్నాం. ఈ మాట 9.6లో మళ్లీ వస్తుంది.

9.3 సహజాత వాదం: ఫాబ్ర్, ఆయన కందిరీగ

1871లో డార్విన్ చీమ మెదడు గుండుసూది తలలో నాలుగో వంతు కూడా ఉండదని, అయినా అది ప్రపంచంలోకెల్లా అద్భుతమైన పదార్థ కణాల్లో ఒకటని రాశాడు. మనిషికీ ఇతర జీవులకూ మానసిక శక్తుల్లో తేడా మోతాదులోనే అన్నది ఆయన వాదం. ఆయన అనుచరుడు జార్జ్ రొమేన్స్ 1882లో జంతువుల తెలివి గురించి ఒక గ్రంథం ప్రకటించాడు. అందులో ఎక్కువ భాగం ఎవరెవరో చెప్పిన ఉదంతాలే. దీనికి ప్రతిస్పందనగా లాయిడ్ మోర్గాన్ 1894లో ఒక నియమం ప్రతిపాదించాడు. ఒక ప్రవర్తనను సరళమైన మానసిక శక్తితో వివరించగలిగినప్పుడు ఉన్నత శక్తిని ఆపాదించకూడదన్నది దాని సారాంశం. ఈ నియమం నేటికీ చెల్లుబాటులో ఉంది.

అదే కాలంలో ఫ్రాన్స్‌లో జాఁ హెన్రీ ఫాబ్ర్ (1823–1915) అనే మాజీ ఉపాధ్యాయుడు పొలాల్లో కూర్చుని కీటకాలను గమనించి 1879 నుంచి 1907 వరకు పది సంపుటాలు ప్రకటించాడు. ఆయన ప్రసిద్ధ ప్రయోగం చిమ్మటను వేటాడే స్ఫెక్స్ అనే కందిరీగ మీద జరిగింది. ఈ కందిరీగ కదలలేని చిమ్మటను నేలలోని బొరియ దాకా లాక్కొచ్చి గుమ్మం దగ్గర వదిలి, లోపలికి వెళ్లి ఒకసారి చూసుకుని వస్తుంది. అది లోపల ఉన్నప్పుడు ఫాబ్ర్ చిమ్మటను కొద్దిగా పక్కకు జరిపాడు. కందిరీగ బయటికి వచ్చి దాన్ని మళ్లీ గుమ్మం దగ్గరికి లాగి, మళ్లీ లోపలికి వెళ్లి చూసింది. ఆయన నలభై సార్లు జరిపాడు, అది నలభై సార్లూ అదే చేసింది. కీటకం యంత్రం లాంటిదని, నేర్చుకోలేదని చెప్పడానికి ఈ కథను తరువాతి నూరేళ్లు పుస్తకాల్లో ఉదాహరించారు.

కాని ఫాబ్ర్ ఇంకొక విషయం కూడా రాశాడు. మరొక చోట ఉన్న అదే రకం కందిరీగలు రెండు మూడుసార్లు మోసపోయిన తరువాత లోపలికి వెళ్లి చూడటం మానేసి చిమ్మటను నేరుగా లోపలికి లాక్కుపోయాయి. ఫాబ్ర్ ఈ తేడాను నిజాయితీగా నమోదు చేశాడు. ఆయన్ను ఉదాహరించినవారిలో ఎక్కువమంది మొదటి సగమే చెప్పి రెండో సగాన్ని వదిలేశారు. చరిత్ర విద్యార్థులు గమనించవలసిన అంశం ఇది. తమ వాదానికి అనుకూలమైన సగం ఆధారాన్నే వాడటం రాజుల చరిత్రలోనే కాదు, పురుగుల చరిత్రలోనూ జరుగుతుంది.

9.4 ప్రయోగాల ఆరంభం: పెక్‌హామ్ దంపతులు, టర్నర్

అమెరికాలోని విస్కాన్సిన్‌కు చెందిన జార్జ్, ఎలిజబెత్ పెక్‌హామ్ దంపతులు 1887లో సాలెపురుగుల మానసిక శక్తుల గురించి ఒక వ్యాసం ప్రచురించారు. గూటిలో కూర్చున్న సాలెపురుగు దగ్గర శృతిదండాన్ని మోగించగా అది భయపడి దారం మీద కిందికి జారింది. మళ్లీ మళ్లీ మోగించగా కొన్నాళ్లకు జారడం మానేసింది. ప్రమాదం లేని శబ్దానికి భయపడనక్కర లేదని దాని ప్రవర్తన మారింది. దీన్ని 'అలవాటుపడటం' అంటారు. నేర్చుకోవడంలో ఇది మొదటి మెట్టు.

ఈ రంగంలో అసలైన మలుపు తెచ్చినవాడు చార్లెస్ హెన్రీ టర్నర్ (1867–1923). ఆయన ఆఫ్రికన్ అమెరికన్. 1907లో షికాగో విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొందాడు. జాతి వివక్ష బలంగా ఉన్న ఆ రోజుల్లో అంత చదువుకున్నా పరిశోధనా విశ్వవిద్యాలయంలో ఆయనకు స్థానం దొరకలేదు. 1908 నుంచి సెయింట్ లూయిస్ నగరంలోని సమ్నర్ హైస్కూల్లో పాఠాలు చెబుతూ, ప్రయోగశాల గాని, పరిశోధక విద్యార్థులు గాని లేకుండానే పని చేశాడు. జీవితకాలంలో సుమారు 70 పత్రాలు ప్రచురించాడు.

1892లోనే ఆయన సాలెపురుగుల గూళ్లను పరిశీలించి, గూడు అల్లడం సహజాతమే అయినా చోటును బట్టి, పరిస్థితిని బట్టి సాలెపురుగు దాన్ని మార్చుకుంటుందని రాశాడు. 1910లో ఒక పార్కులో రంగు అట్టల మీద తేనె పెట్టి తేనెటీగలు రంగును గుర్తుపెట్టుకుంటాయని, 1911లో గీతల నమూనాలను కూడా గుర్తిస్తాయని చూపాడు. 1912లో బొద్దింకల మీద ప్రయోగం చేశాడు. బొద్దింక సహజంగా చీకటిలోకి పోతుంది. చీకటి గదిలోకి వెళ్లినప్పుడల్లా చిన్న విద్యుత్ ఘాతం ఇవ్వగా, కొద్దిసేపట్లోనే అది చీకటికి దూరంగా ఉండటం నేర్చుకుంది. సహజాతాన్నే అనుభవం మార్చగలదని దీనివల్ల తేలింది.

ఇంత చేసినా ఆయన కృషి తరువాతి దశాబ్దాల్లో దాదాపు మరుగున పడింది. కారణాలు శాస్త్రీయమైనవి కావు. విశ్వవిద్యాలయంలో స్థానం లేనివాడికి శిష్య పరంపర ఉండదు. శిష్యులు లేకపోతే పాఠ్యపుస్తకాల్లో పేరు నిలవడం కష్టం. జ్ఞానం ఎవరి పేరుతో నిలుస్తుందనేది సమాజ నిర్మాణం మీద కూడా ఆధారపడుతుందని టర్నర్ జీవితం చెబుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – I
గమనిక: సమాధానాలు మీ నోటు పుస్తకంలో రాసుకుని, 9.12లో ఇచ్చిన వాటితో పోల్చి చూసుకోండి.
1. లాయిడ్ మోర్గాన్ నియమం ఏమిటి?
2. ఫాబ్ర్ ప్రయోగంలో తరువాతివారు వదిలేసిన విషయం ఏది?
3. బొద్దింకల మీద టర్నర్ ప్రయోగం ఏమి నిరూపించింది?

9.5 తేనెటీగ జ్ఞాపకం: ఫ్రిష్, టిన్‌బెర్గెన్

టర్నర్ రంగు ప్రయోగాల్లో ఒక సందేహానికి తావు మిగిలింది. తేనెటీగ చూసింది రంగునా, లేక వెలుతురు తేడానా? ఒక రంగు మరో రంగు కన్నా ముదురుగా కనిపించడం వల్ల కూడా అది గుర్తుపట్టి ఉండవచ్చు. జర్మనీలో కార్ల్ ఫాన్ హెస్ అనే ప్రసిద్ధ నేత్ర శాస్త్రవేత్త తేనెటీగలకు రంగులు తెలియవని గట్టిగా వాదించాడు. ఆస్ట్రియాకు చెందిన కార్ల్ ఫాన్ ఫ్రిష్ (1886–1982) 1914లో దీనికి తెలివైన పరిష్కారం చూపాడు. ఒక నీలం అట్టను, లేత బూడిద నుంచి ముదురు బూడిద వరకు అనేక అట్టల మధ్య ఉంచి, నీలం మీదే చక్కెర నీరు పెట్టాడు. తరువాత చక్కెర నీరు తీసేసి, అట్టల స్థానాలు మార్చి, కొత్త అట్టలు పెట్టినా తేనెటీగలు నీలం మీదికే వచ్చాయి. వెలుతురు మాత్రమే చూస్తే ఏదో ఒక బూడిద అట్టతో అవి తికమకపడి ఉండాలి. అలా జరగలేదు.

ఫ్రిష్ శిష్యురాలు ఇంగేబోర్గ్ బేలింగ్ 1929లో తేనెటీగలకు సమయం కూడా గుర్తుంటుందని చూపింది. రోజూ ఒకే వేళకు ఆహారం పెట్టి, ఒక రోజు ఏమీ పెట్టకుండా చూస్తే, గుర్తులు వేసిన తేనెటీగలు సరిగ్గా ఆ వేళకే వచ్చాయి. ఆహారం లేకపోయినా వచ్చాయి కాబట్టి వాసన పట్టి వచ్చాయనడానికి వీల్లేదు. రోజూ ఒకే వేళకు మిఠాయి పళ్లెం బయట పెట్టే దుకాణదారుకు ఇది వింతగా తోచకపోవచ్చు.

1940ల్లో ఫ్రిష్ తేనెటీగల నృత్య భాషను విప్పి చెప్పాడు. మంచి పూల చోటు చూసి వచ్చిన తేనెటీగ పట్టు మీద తోక ఊపుతూ నడుస్తుంది. ఆ నడక నిలువు గీతతో చేసే కోణం, సూర్యుడితో పూల దిక్కు చేసే కోణాన్ని తెలుపుతుంది. నడక ఎంతసేపు సాగుతుందనేది దూరాన్ని తెలుపుతుంది. అంటే తేనెటీగ తాను వెళ్లి వచ్చిన చోటును గుర్తుపెట్టుకోవడమే కాక, చీకటి పట్టులో మిగతా ఈగలకు తెలియజేయగలదు. ఈ కృషికి 1973లో నోబెల్ బహుమతి లభించింది.

ఆ బహుమతిని ఆయనతో పంచుకున్నవారిలో ఒకరు నీకో టిన్‌బెర్గెన్ (మరొకరు కొన్‌రాడ్ లోరెంజ్). టిన్‌బెర్గెన్ 1930ల తొలినాళ్లలో నెదర్లాండ్స్ ఇసుక నేలల్లో, బొరియలో ఉండే ఒక కందిరీగ మీద పని చేశాడు. బొరియ చుట్టూ పైన్ కాయలను వలయంగా పేర్చాడు. కందిరీగ బయలుదేరే ముందు ఆ చోటు మీద కాసేపు చక్కర్లు కొట్టి వెళ్లింది. అది వేటలో ఉండగా వలయాన్ని పక్కకు జరిపాడు. తిరిగి వచ్చిన కందిరీగ తన బొరియ దగ్గర కాక, ఖాళీ వలయం మధ్యలో దిగింది. కందిరీగ తప్పు చేయడమే దాని జ్ఞాపకానికి సాక్ష్యం అయింది. జ్ఞాపకం లేని జీవి అలా తప్పు చేయలేదు.

9.6 భారతదేశంలో ఈ ప్రశ్న: హాల్డేన్, ద్రోణంరాజు

ప్రసిద్ధ జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో ఇంగ్లండు వదిలి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చాడు. అప్పటికే 1954లో ఆయన, భార్య హెలెన్ స్పర్వే కలిసి తేనెటీగల నృత్యం ఎంత సమాచారం చేరవేస్తుందో గణాంక పద్ధతిలో విశ్లేషించారు. ఖరీదైన పరికరాలు లేకపోయినా ఓపికగా చూసి, లెక్కపెట్టి మన దేశంలో మంచి జీవశాస్త్రం చేయవచ్చన్నది హాల్డేన్ నమ్మకం. ఆయన చివరి సంవత్సరాలు భువనేశ్వర్‌లో గడిచాయి. 1964 డిసెంబరు 1న మరణించిన తరువాత, ఆయన కోరిక ప్రకారం దేహాన్ని వైద్య విద్యార్థుల అధ్యయనం కోసం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు.

కలకత్తాలో ఆయన దగ్గర చేరిన యువకుల్లో పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు (1937–2020) ఒకరు. ఆయన చేపట్టిన పని పైకి చాలా మామూలుగా ఉంటుంది. మన ఊళ్ల చివర, కొండ వాలుల్లో అల్లుకుపోయే లాంటానా కంపను మీరు చూసే ఉంటారు. దాని పూలు వేర్వేరు మొక్కల్లో వేర్వేరు రంగుల్లో ఉంటాయి. పక్కపక్కనే ఉన్న ఇలాంటి మొక్కల మీద ఏ సీతాకోకచిలుక ఏ రంగు పూల మీద ఎన్నిసార్లు వాలుతుందో ఆయన లెక్కపెట్టారు. కొన్ని జాతులు ఒక రంగు పూలనే ఎక్కువగా ఎంచుకుంటున్నట్లు తేలింది. ఈ ఫలితాన్ని 1960లో 'నేచర్' పత్రిక ప్రచురించింది. స్పర్వేతో కలిసి రాసిన మరో వ్యాసం అదే సంవత్సరం బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వచ్చింది.

ఈ లెక్కల ప్రాముఖ్యం ఏమిటి? సీతాకోకచిలుకలు ఒకే రంగుకు కట్టుబడితే, ఒక రంగు మొక్క పుప్పొడి అదే రంగు మొక్కకు చేరుతుంది. పక్కపక్కనే పెరుగుతున్నా రెండు రంగుల మొక్కలు క్రమంగా వేరుపడవచ్చు. కీటకం చేసే ఎంపిక మొక్కల పరిణామాన్నే ప్రభావితం చేయవచ్చన్నమాట. అరిస్టాటిల్ గమనించిన పుష్ప నిబద్ధతకు ఇక్కడ కొత్త అర్థం వచ్చింది.

అయితే ఈ ఎంపిక పుట్టుకతో వచ్చిందా, నేర్చుకున్నదా అనేది వాలిన సంఖ్యలను బట్టి మాత్రమే చెప్పలేం. దానికి ఒకే సీతాకోకచిలుక అనుభవాన్ని మార్చి చూడాలి. తరువాతి దశాబ్దాల్లో అమెరికాలో మార్తా వైస్ అలాంటి ప్రయోగాలు చేసి, తీపి దొరికిన రంగును సీతాకోకచిలుకలు నేర్చుకుంటాయని చూపింది. ద్రోణంరాజు లెక్కలు ప్రశ్నను సరైన చోట నిలబెట్టాయి. సమాధానానికి ఇంకో మెట్టు కావలసి వచ్చింది.

1964లో స్పర్వే, ద్రోణంరాజు, ఎస్.డి. జయకర్ కలిసి ఒకే ఒక్క కందిరీగ గూడు గురించి సుదీర్ఘ వ్యాసం రాశారు. ఆ కందిరీగ శాస్త్రీయ నామంలో మద్రాసు పట్టణం పేరు ఉంది. భ్రమరకీటక న్యాయానికి ఆధారమైన మట్టిగూటి కందిరీగల కోవకు చెందిందే ఇదీ. వేల ఏళ్లుగా ఉపమానంగా ఉన్న గూడు ఈసారి పరిశీలన వస్తువు అయింది.

9.7 మెదడులోకి చూపు

1850లోనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఫెలిక్స్ దుజార్డాఁ కీటకాల మెదడులో పుట్టగొడుగు ఆకారంలో ఉన్న భాగాలను గుర్తించి, వాటికి తెలివితో సంబంధం ఉండవచ్చని ఊహించాడు. ఆ ఊహను పరీక్షించడానికి శతాబ్దానికి పైగా పట్టింది. తేనెటీగను కదలకుండా పట్టి ఉంచి, ఒక వాసన చూపిన వెంటనే తీపి నీరు ఇస్తే, కొద్ది పాఠాల్లోనే అది వాసనకే నాలుక చాపుతుంది. ఈ పద్ధతితో జర్మనీలో రాండోల్ఫ్ మెన్జెల్ బృందం స్వల్పకాలిక, దీర్ఘకాలిక జ్ఞాపకాలను విడివిడిగా అధ్యయనం చేసింది. పుట్టగొడుగు భాగాలకు ఇందులో ముఖ్య పాత్ర ఉందని తేలింది.

1974లో అమెరికాలో క్విన్, హారిస్, బెంజర్ పండ్ల ఈగలకు వాసనతో ఘాతాన్ని జోడించి నేర్పారు. 1976లో నేర్చుకోలేని ఒక ఉత్పరివర్తిత ఈగను గుర్తించారు. ఒక జన్యువు చెడితే నేర్చుకునే శక్తి పోతుందంటే, ఆ శక్తి నిజంగా ఉందన్నమాటే. తేనెటీగ మెదడులో ఉండేవి దాదాపు 10 లక్షల నాడీకణాలు. మనిషి మెదడులో సుమారు 8,600 కోట్లు. అయినా 2001లో గియుర్ఫా, మెన్జెల్, భారతదేశంలో చదువుకున్న ఎం.వి. శ్రీనివాసన్ తదితరులు తేనెటీగలు 'ఒకేలా ఉన్నది', 'వేరుగా ఉన్నది' అనే భావనలను నేర్చుకుని, ఎన్నడూ చూడని వస్తువులకు కూడా వర్తింపజేయగలవని చూపారు.

9.8 పథకం వేసే సాలెపురుగు

నేర్చుకోవడం, జ్ఞాపకం విషయంలో నేడు పెద్ద వివాదం లేదు. పథకం విషయంలో ఉంది. ఇక్కడ ప్రధాన పాత్ర పోర్షియా అనే గెంతే సాలెపురుగుది. ఇది దక్షిణాసియాలోనూ ఉంటుంది. ఇతర సాలెపురుగులను తినడం దీని అలవాటు. ఎర గూటి దారాలను రకరకాలుగా మీటి, ఏ మీటుకు ఎర స్పందిస్తే దాన్నే మళ్లీ మళ్లీ చేస్తుంది. న్యూజిలాండ్‌లోని రాబర్ట్ జాక్సన్ దీన్ని దశాబ్దాలుగా అధ్యయనం చేశాడు.

1997లో మైకేల్ తార్సితానో, జాక్సన్ ఒక ప్రయోగం చేశారు. సాలెపురుగును ఎత్తైన ఒక పీట మీద ఉంచారు. అక్కడి నుంచి దానికి దూరంగా ఎర కనిపిస్తుంది. ఎర దాకా వెళ్లడానికి రెండు దారులు ఉన్నట్లు ఉంటాయి, కాని ఒకటే పూర్తిగా చేరుతుంది. ఆ దారి ఎక్కాలంటే ముందు కిందికి దిగాలి. దిగగానే ఎర కనుమరుగవుతుంది. అయినా ఎక్కువ సాలెపురుగులు తప్పు దారిని దాటుకుని వెళ్లి మరీ సరైన దారిని ఎక్కాయి. 9.1లో పథకానికి ఇచ్చిన నిర్వచనానికి ఇది సరిపోతుంది.

మోర్గాన్ నియమాన్ని ఇక్కడ గుర్తు చేసుకోండి. 1999లో తార్సితానో, రిచర్డ్ ఆండ్రూ సాలెపురుగు పైనుంచి చూసేటప్పుడు దాని చూపు ఎటు కదులుతుందో నమోదు చేశారు. అది ఎర నుంచి మొదలుపెట్టి దారి వెంట చూపు సాగిస్తుంది. దారి తెగిన చోట వెనక్కి మళ్లుతుంది. తెగని దారి మీదే చూపు ఎక్కువసేపు నిలుస్తుంది. అంటే మొత్తం దారిని మనసులో బొమ్మ గీసుకోనక్కర లేదు, కొన్ని సరళమైన సూత్రాలతోనే సరైన దారి దొరకవచ్చు. కాని అలా దొరికిన దారిని ఎర కనిపించనప్పుడు కూడా పట్టుకుని ఉండటానికి జ్ఞాపకం తప్పదు. కాబట్టి పోర్షియాకు మనిషి వంటి ఆలోచన ఉందనడం తొందరపాటు. అది ముందుచూపు లేని యంత్రమనడం కూడా అంతే తొందరపాటు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – II
4. ఫ్రిష్ నీలం అట్టను బూడిద అట్టల మధ్య ఎందుకు ఉంచాడు?
5. ద్రోణంరాజు లాంటానా లెక్కలతో తేలనిది ఏమిటి?
6. పోర్షియా ప్రయోగంలో సాలెపురుగు ముందు కిందికి దిగవలసి రావడం ఎందుకు ముఖ్యం?

9.9 ఈ ప్రశ్న మనకు ఎందుకు?

ఇది పండితుల వాదం మాత్రమే అనుకోకండి. జీడిమామిడి, నువ్వులు, కూరగాయలు సాగు చేసే ప్రాంతాల్లో దిగుబడి కొంతవరకు తేనెటీగల మీద ఆధారపడుతుంది. తేనెటీగ దారిని జ్ఞాపకంతో వెతుక్కుంటుందని ఒప్పుకుంటే, దాన్ని చంపడానికి విషం అక్కర లేదు, జ్ఞాపకం చెడగొడితే చాలని కూడా ఒప్పుకోవాలి. 2012లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు థయోమెథాక్సామ్ అనే పురుగుమందును చంపని మోతాదులో తేనెటీగలకు ఇచ్చి, సూక్ష్మ పరికరాలు అతికించి వదిలారు. మందు తీసుకోని వాటితో పోలిస్తే, మందు తీసుకున్న వాటిలో పట్టుకు తిరిగి రాలేకపోయిన ఈగల వాటా ఎక్కువగా ఉంది. ఐరోపా సమాఖ్య 2018లో థయోమెథాక్సామ్, ఇమిడాక్లోప్రిడ్, క్లోతియానిడిన్ మందులను ఆరుబయట పంటల్లో వాడకుండా నిషేధించింది. వీటిలో మొదటి రెండూ మన రైతులు రసం పీల్చే పురుగుల కోసం వాడేవే. పూత సమయంలో మందు కొట్టకపోవడం, తప్పనిసరైతే తేనెటీగలు తిరగని సాయంకాలం కొట్టడం అనే సలహా వెనుక ఈ భాగంలోని చరిత్ర అంతా ఉంది.

ఇంకొక విషయం. పెద్ద చెట్ల కొమ్మలకు, రాతి చరియలకు, ఎత్తైన నీటి ట్యాంకులకు వేలాడే కొండ తేనెటీగల పట్లు ఏటా కొన్ని నెలలు ఖాళీ అవుతాయి. ఈగలు వలస పోయి మళ్లీ వస్తాయి. 2000 సంవత్సరంలో అస్సాంలో జన్యు పరీక్షలు చేసి, తిరిగి వచ్చినవాటిలో అదే రాణితో పాత చోటికే వచ్చినవి ఉన్నాయని కనుగొన్నారు. పని ఈగల ఆయుష్షు తక్కువ, రాణి దారి చూపదు. మరి ఆ చోటు జ్ఞాపకం ఎవరిది? ఈ ప్రశ్న ఇంకా తేలలేదు. కళ్యాణపులోవ వైపు కొండల్లో తిరిగే విద్యార్థి, ఏ చెట్టుకు ఏ నెలలో పట్టు వచ్చిందో, ఎప్పుడు పోయిందో దూరం నుంచే చూసి కొన్నేళ్లపాటు తేదీలు రాసుకుంటే, అది పనికొచ్చే సమాచారమే అవుతుంది.

చేసి చూడండి: ఒకే కొలత గల నీలం, పసుపు అట్టలు తీసుకోండి. ఆరుబయట ఒక బల్ల మీద పెట్టి, నీలం మీది గిన్నెలో బెల్లం నీళ్లు, పసుపు మీది గిన్నెలో మామూలు నీళ్లు పోయండి. తేనెటీగలు రావడం మొదలయ్యాక ఒక పూట అలా ఉంచండి. తరువాత రెండూ తీసేసి, కొత్త అట్టలు, ఖాళీ గిన్నెలు, స్థానాలు మార్చి పెట్టండి. పది నిమిషాల్లో ఏ రంగు మీద ఎన్ని ఈగలు వాలాయో రాసుకోండి. మరో రోజు పసుపు మీద బెల్లం నీళ్లు పోసి మొత్తం ప్రయోగం మళ్లీ చేయండి. కొత్త అట్టలు ఎందుకు, స్థానాలు మార్చడం ఎందుకు, రంగులు తారుమారు చేయడం ఎందుకు అన్నది మీరే ఆలోచించి రాయండి. తేనెపట్టు దగ్గర ఈ పని చేయవద్దు. కుట్టినప్పుడు ఒళ్లు దద్దుర్లు వచ్చేవారు దీనికి దూరంగా ఉండాలి.

9.10 సారాంశం

చిన్న జీవులకు మనసు ఉందనే కథలు, లేదనే కథలు రెండూ పాతవే. శ్రీకాళహస్తి సాలెపురుగు ఒక కొస, సగమే చెప్పిన ఫాబ్ర్ కందిరీగ మరో కొస. పెక్‌హామ్, టర్నర్, ఫ్రిష్, టిన్‌బెర్గెన్ ప్రశ్నను ప్రయోగంగా మార్చారు. ద్రోణంరాజు కృష్ణారావు రోడ్డు పక్క కంప పూల మీద లెక్కలతో దాన్ని పరిణామ శాస్త్రానికి జోడించారు. నేటి స్థితి ఇది: కీటకాలు, సాలెపురుగులు నేర్చుకుంటాయి. గుర్తుపెట్టుకుంటాయి. కొన్ని పరిమితమైన ముందుచూపు చూపుతాయి. ఆ ముందుచూపు ఎంత లోతైనదన్నది పరిశోధనలో ఉంది. ఈ ఫలితాల్లో చాలావరకు అట్టలు, గిన్నెలు, పైన్ కాయలు, నోటు పుస్తకంతో వచ్చినవే. పని చేసినవారిలో ఒకరు హైస్కూల్ ఉపాధ్యాయుడు. దూరవిద్య ద్వారా చదువుతున్న మీకు ఈ మాట ప్రత్యేకంగా చెప్పవలసి ఉంది.

9.11 కీలక పదాలు

సహజాతం: నేర్పకుండా పుట్టుకతో వచ్చే ప్రవర్తన.
అలవాటుపడటం: హాని లేని ప్రేరణ పదేపదే ఎదురైతే స్పందించడం మానడం.
పుష్ప నిబద్ధత: కీటకం ఒక ప్రయాణంలో ఒకే రకం పూలకు కట్టుబడి ఉండటం.
ఉత్పరివర్తితం: జన్యువులో మార్పు వచ్చిన జీవి.

9.12 మీ ప్రగతిని పరీక్షించుకోండి – సమాధానాలు

1. సరళమైన శక్తితో వివరించగల ప్రవర్తనకు ఉన్నత మానసిక శక్తిని ఆపాదించకూడదు.
2. మరో చోటి కందిరీగలు రెండు మూడుసార్ల తరువాత పద్ధతి మార్చుకున్న విషయం.
3. అనుభవం సహజాతాన్ని మార్చగలదని.
4. తేనెటీగ గుర్తించేది రంగునే గాని వెలుతురు తేడాను కాదని తేల్చడానికి.
5. రంగు ఎంపిక పుట్టుకతో వచ్చిందా, నేర్చుకున్నదా అన్నది.
6. దిగగానే ఎర కనిపించదు. కనిపించని లక్ష్యం వైపు సరైన దారి ఎంచుకోవడమే పథకానికి గుర్తు.

9.13 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. కీటకాల ప్రవర్తన అధ్యయనం ఉదంతాల నుంచి ప్రయోగాలకు మారిన తీరును వివరించండి.
2. "పోర్షియా సాలెపురుగు పథకం వేస్తుంది." ఈ వాక్యాన్ని మోర్గాన్ నియమం దృష్టితో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. భ్రమరకీటక న్యాయంలో పరిశీలనను, నిర్ధారణను వేరుచేసి చూపండి.
2. చార్లెస్ టర్నర్ కృషి మరుగున పడటానికి సామాజిక కారణాలు ఏమిటి?
3. ద్రోణంరాజు కృష్ణారావు లాంటానా పరిశీలన ప్రాముఖ్యాన్ని వివరించండి.
4. తేనెటీగ జ్ఞాపకానికీ, మన పొలాల్లో పురుగుమందు వాడకానికీ ఉన్న సంబంధాన్ని రాయండి.